మబ్బును చూసే పరీక్ష

చింతగుంటపాలెం జనానికి ప్రకృతి అంటే గిట్టదని పైనుంచి కాగితం వచ్చిందన్న సంగతి నాగేంద్రానికి ముందుగా మోసుకొచ్చింది పక్కింటి సామ్రాజ్యం. సామ్రాజ్యానికి పాలకేంద్రం దగ్గర ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్లకు ఎవరు చెప్పారని ఆమె అడగలేదు. అడిగితే కబురు చల్లారిపోతుంది, చల్లారిన కబురు ఎవరికి కావాలి? ఊరు మొత్తానికి మనసులో ఏదో రోగం ఉందట. చెట్టుకూ మనిషికీ మధ్య ఉండాల్సిన బంధం తెగిపోయిందట. దాన్ని మళ్లీ ముడెయ్యడానికి జిల్లా నుంచి ఆఫీసర్లు దిగుతున్నారట. ముడి పడనివాళ్లను బస్సెక్కించి తీసుకుపోతారట. ఎక్కడికి తీసుకుపోతారో కూడా సామ్రాజ్యానికి తెలుసుగానీ, పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది.

నాగేంద్రం పచ్చడి నూరుతూనే వింది. పాలకేంద్రం కబురులో పాలెన్నో నీళ్లెన్నో ఆమెకు తెలుసు. కానీ ఆ సాయంత్రమే పంచాయతీ గోడ మీద కాగితం అంటించారు. చదివి చూస్తే, సామ్రాజ్యం చెప్పినదాంట్లో బస్సు తప్ప అంతా నిజమే.

ఆ కాగితంలో యావన్మంది గ్రామస్థులకు తెలియజేసిందేమంటే, ప్రకృతి అనుబంధ సంక్షేమ శాఖ వారు జరిపిన మనోవికాస సర్వేలో ఈ ఊరికి నూటికి మూడు మార్కులు వచ్చాయి. కావున ఈ గ్రామాన్ని ప్రకృతి వియోగ పీడిత గ్రామంగా ప్రకటించడమైనది. ఆ మూడు మార్కులు కూడా పోస్టుమాస్టరు పుణ్యమే. ఆయన వరండాలో సీసాలో పెంచే మనీప్లాంటు ఉంది.

సర్వే జరిగిన సంగతి నాగేంద్రానికి అప్పుడు గుర్తొచ్చింది. మిరపచేలో రెండో కోత నడుస్తుండగా పుల్లారావు అనే ఫీల్డు అసిస్టెంటు గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి పన్నెండు ప్రశ్నలు అడిగిపోయాడు. పుల్లారావు ఇరవై ఆరేళ్లు పశువులను లెక్కపెట్టిన మనిషి. రిటైరు కావడానికి రెండేళ్లుందనగా ఈ కొత్త శాఖకు మార్చారు. పశువును లెక్కపెట్టేటప్పుడు దాని అభిప్రాయం అడగక్కర్లేదు. ఆ సుఖం ఇక్కడ లేకపోయిందని ఆయన దిగులు.

సూర్యాస్తమయం చూసి చివరిసారి ఎప్పుడు పరవశించారని మొదటి ప్రశ్న. పొద్దు గూకేలోపల కాయ కల్లానికి చేరాలి, తలెత్తే తీరికెక్కడిదంది నాగేంద్రం. పుల్లారావు ‘ఎన్నడూ లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. పక్షుల కూత వింటే ఏమనిపిస్తుందంటే, చిలకలు జొన్నచేలో వాలితే డబ్బా వాయిస్తామంది. ‘పక్షి వైరం’ అన్న గడిలో టిక్కు పడింది. కీటకాల పట్ల మీ భావన ఏమిటన్నాడు. మిరపకు పట్టే తామర పురుగును తలుచుకుని ఆమె అన్న మాట పుల్లారావు రాసుకోలేదు. అలాంటి మాటకు ఫారంలో గడి లేదు. చివరగా, మీరూ మొక్కా ఒకటేనన్న భావన ఎప్పుడైనా కలిగిందా అని అడిగాడు.

“మొక్క మొక్కే, నేను నేనే. దానికి నీళ్లు కావాల, నాకు టీ కావాల. ఇద్దరం ఒకటైపోతే నీళ్లు కట్టేదెవరయ్యా?” అంది నాగేంద్రం.

పొద్దున్నే చేలో కాలు పెట్టగానే పాదానికి తగిలే చల్లదనమూ, కోత దించి గట్టు మీద కూలబడి మజ్జిగ తాగుతుంటే చెవుల పక్కగా పోయే గాలీ ఆమెకు ఇష్టమే. ఆ సంగతి పుల్లారావు అడగలేదు. అడిగినా చెప్పేది కాదు. ఫారం పట్టుకొచ్చి నీ మొగుడి మీద నీకు ప్రేముందా అని అడిగితే ఏ ఆడది చెబుతుంది?

ఇదే సర్వేలో ఆ శాఖ ఉద్యోగులు కాపురముండే క్వార్టర్లకు తొంభై ఒకటి వచ్చాయి. వాళ్లు ప్రతి ఆదివారం మేడ మీదికెక్కి సూర్యాస్తమయాన్ని చూస్తారు. ఫోటో తీసి ఒకరికొకరు పంపుకుంటారు. ఒకరి సూర్యుణ్ని ఒకరు మెచ్చుకుంటారు.

కాగితం వెనకాలే శాఖ డిప్యూటీ డైరెక్టరు వరదరాజులు గారు వచ్చారు. పంచాయతీ ముందు షామియానా వేసి, ఎండ తగలకుండా నాలుగు వైపులా బట్ట కట్టి, రెండు కూలర్లు పెట్టి, ప్రకృతిని గురించి గంటన్నర మాట్లాడారు. ఆయన ప్రసంగం సారాంశం ఇది. “ప్రకృతితో మమేకమైనవారి మనసు ప్రశాంతంగా ఉంటుందని పరిశోధనలు నిర్ద్వంద్వంగా తేల్చాయి. మీ ముఖాల్లో ప్రశాంతత లేదు. కనుక మీరు మమేకం కాలేదు. ఇది నా అభిప్రాయం కాదు, తర్కం.”

నాగేంద్రం మొగుడు గురవయ్య లేచి, తమ ముఖాలు ఇట్లా ఉండటానికి తామర పురుగు ఒక కారణమనీ, కాలవ చివరిదాకా నీళ్లు రాకపోవడం ఇంకో కారణమనీ మనవి చేసుకున్నాడు. డిప్యూటీ డైరెక్టరు గారు ఓపిగ్గా విన్నారు. అవి బాహ్య కారణాలనీ, తమ శాఖ పరిధిలోకి రావనీ, పురుగును చూసి కలత చెందడమే వ్యాధి లక్షణమనీ సెలవిచ్చారు.

తర్వాత ఉత్తర్వు చదివారు. మానసిక అనుబంధం లేని వ్యక్తి ప్రకృతిలో సంచరించుట అతనికీ క్షేమం కాదు, ప్రకృతికీ క్షేమం కాదు. కావున నేటి నుంచి ఊళ్లోవాళ్లెవరూ ప్రకృతి ప్రవేశ పత్రం లేనిదే కాలవ వంతెన దాటరాదు. ఏడు రోజుల శిబిరం ఉంటుంది. చివరిరోజు పరీక్ష ఉంటుంది. పాసైనవారికి పత్రం. తప్పినవారికి తొంభై రోజుల తర్వాత మళ్లీ పరీక్ష.

ఊరికి చేలన్నీ కాలవ అవతలే. కల్లాలు ఇవతల. రెండో కోత కాయ కల్లాల్లో ఎండుతోంది. మూడో కోతకు చేను ఎర్రగా కాచి ఉంది. వారం పదిరోజులు ఆగగలదు. అది దాటితే కాయ చెట్టునే వడిలి రాలుతుంది. తొంభై రోజులకు చేలో మిగిలేవి పొయ్యిలోకి పుల్లలు. నాగేంద్రానికి ఉన్నది రెండెకరాలు. ఏడాదంతా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దాంతోనే. ఆమె గురవయ్య వైపు చూసింది. గురవయ్య కూలర్ వైపు చూశాడు.

మర్నాటి నుంచి కాలవ వంతెనకు అడ్డంగా తాడు కట్టి పుల్లారావు కుర్చీ వేసుకున్నాడు. ముందుగా వచ్చింది సామ్రాజ్యమూ ఆమె గేదే. గేదె తాడు కిందుగా తల దూర్చింది. పుల్లారావు సర్క్యులర్ తీసి చదివి, పశుపక్ష్యాదులు స్వతహాగా ప్రకృతిలో భాగమైనందున వాటికి మినహాయింపు ఉందనీ, గేదె వెళ్లొచ్చుననీ, ఆమె వెళ్లకూడదనీ చెప్పాడు.

“అదొక్కటే పోయి ఎవరి చేలో పడిద్దో. నన్నూ గేదె కింద రాసుకో అన్నా” అంది సామ్రాజ్యం.

పుల్లారావు ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. పాత శాఖ అనుభవం ఆయనది. కాసేపు ఆలోచించి, గేదెల ఫారంలో కొమ్ముల వివరం రాయాల్సిన చోటొకటి ఉంటుందనీ, అది ఖాళీగా వదిలితే జిల్లా నుంచి ఫారం తిరిగొస్తుందనీ బాధగా చెప్పాడు. గేదె ఒక్కటే వెళ్లింది. పోస్టుమాస్టరు బావమరిది చేలో పడి అరెకరం మేసింది. ఆ గొడవను తీర్చడానికి ఎవరూ వంతెన దాటి వెళ్లలేకపోయారు. ఇవతలి గట్టు మీద నిలబడి తిట్టుకుంటుంటే, అవతల గేదె ప్రశాంతంగా మేసింది. ప్రకృతితో మమేకమైతే ఎలా ఉంటుందో ఊరు మొదటిసారి కళ్లారా చూసింది.

శిబిరం కమ్యూనిటీ హాల్లో పెట్టారు. బయట ఎండ ఎక్కువగా ఉన్నందువల్ల ప్రకృతిని లోపలికే తెప్పించారు. గోడ మీద తెర కట్టి జలపాతం చూపించారు. డబ్బాలోంచి పిట్టల కూతలు వినిపించారు. కిటికీ మీద నిజం పిచ్చుకలు రెండు వాలి గోల చేస్తుంటే, శిబిరానికి భంగం కలుగుతోందని పుల్లారావు వాటిని తోలేశాడు.

రెండో రోజు వృక్షాలింగనం. ఊరి చివర బాట పక్కన ఉన్నవి సర్కారు తుమ్మలే. అవి ఏ పథకమూ లేకుండా పెరిగిన చెట్లు. ఉత్తర్వులో చెట్టు అని ఉందిగానీ ముల్లు లేని చెట్టు అని లేదు. గురవయ్య కళ్లు మూసుకుని, చెప్పినట్టే అయిదు నిమిషాలు కావలించుకున్నాడు. ఆ సాయంత్రం నాగేంద్రం అతని చొక్కా విప్పించి, సూది పెట్టి ముళ్లు తీస్తూ, ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఒక్కనాడన్నా అంతసేపు పట్టుకున్నావా అని అడిగింది. నీకు ముళ్లు లేవని ఎవరన్నారు అన్నాడు గురవయ్య. మిగిలిన ముళ్లు ఆమె కొంచెం గట్టిగానే తీసింది.

నాలుగో రోజు మృత్తికా స్పర్శ. మట్టి తగిలితే మనసు కుదుటపడుతుందన్నది సిద్ధాంతం. జిల్లా నుంచి జల్లించిన మట్టి, క్రిములు లేకుండా కాచినది, సంచుల్లో వచ్చింది. వెడల్పాటి పళ్లేలలో పోసి, ఒక్కొక్కరినీ కాలు పెట్టి నిలబడమన్నారు. నాగేంద్రం వంతు వచ్చేసరికి వరదరాజులు గారు ఆమె పాదాల వైపు చూసి ఆపారు. ముప్పై ఏళ్ల నల్లరేగడి ఆ పగుళ్లలో ఉంది. కాళ్లకు మట్టి ఉంది, ముందు శుభ్రంగా కడుక్కుని వచ్చి మట్టిలో నిలబడమన్నారు. ఆమె కడుక్కుంది. పగుళ్లలోది పోలేదు. సబ్బిచ్చారు. పోలేదు. చివరికి ప్లాస్టిక్ సంచులు కాళ్లకు తొడిగి నిలబెట్టి, హాజరు వేసుకున్నారు.

శిబిరం నుంచి వచ్చాక రోజూ ఆమె కల్లంలో కాయ తిరగేసేది. రెండో కోత బాగా కుదిరింది. మంచి రంగు. మరో రెండు ఎండలు తగిలితే గుప్పెట్లో పట్టుకున్నా గలగలమంటుంది. కాయ తిరగేస్తూ, వంతెన అవతలికి చూసేది. దూరానికి చేను ఎర్రటి కోక ఆరేసినట్టుండేది. అలా చూస్తూ నిలబడటం వంతెన దగ్గర కూర్చున్న పుల్లారావు కూడా చూశాడు. దాన్ని ఏ గడిలో రాయాలో ఆయనకు తోచలేదు.

ఏడో రోజు పరీక్ష. దాని పేరు మేఘదర్శనం. ఆకాశాన్ని ఇరవై నిమిషాలు చూస్తూ కదలకుండా కూర్చోవాలి. వేలికి తగిలించిన చిన్న మిషను గుండె స్పందన లెక్కకడుతుంది. హాల్లో ఆకాశం లేనందువల్ల పరీక్షను కల్లాలలో పెట్టారు. ఊళ్లో పెద్దవాళ్లు ముప్పై మందినీ కల్లం చుట్టూ చాపల మీద కూర్చోబెట్టారు. మధ్యలో ఊరందరి కాయా ఎర్రగా పరుచుకుని ఉంది. ఆ ఘాటుకు వరదరాజులు గారికి దగ్గూ తుమ్మూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రుమాలు కట్టుకుని నిబంధనలు చదివారు. కదిలినా, మాట్లాడినా, లేచినా తప్పినట్టే. తొంభై రోజులు.

చాప మీద కూర్చోకముందే నాగేంద్రం ఒక కాయ తొడిమ తుంచి చూసింది. విరగలేదు, వంగింది. గాలిలో తేమ ఉంది. గాలి తూర్పుకు తిరిగింది. కాయ కుప్ప చేసి బరకాలు కప్పాలి, పావుగంట చాలని పుల్లారావుతో చెప్పింది. పుల్లారావు వెళ్లి సారుకు చెప్పాడు. పరీక్షా స్థలంలోని ప్రకృతిని కప్పివేయుట మాల్‌ప్రాక్టీసు కిందికి వస్తుందని జవాబు వచ్చింది.

మిషన్లు తగిలించారు. ఈల వేశారు. అయిదు నిమిషాలకు తూర్పున మబ్బు లేచింది.

నల్లటి మబ్బు. అంచున తెల్లటి నురుగు. చూడటానికి అందంగానే ఉంది. వరదరాజులు గారు చేతులు జోడించారు. ఇంతవరకు ఏ గ్రామంలోనూ ప్రకృతి ఇంత చక్కగా సహకరించలేదని పుల్లారావుతో అన్నారు. ముప్పై మంది నోరెత్తకుండా మబ్బునే చూస్తున్నారు. చేతులు చాపల అంచులను పిసుకుతున్నాయి. మిషన్లు టిక్కుటిక్కుమంటున్నాయి.

పదో నిమిషానికి చల్లగాలి తగిలింది. నాగేంద్రం ఒక మోకాలు ఎత్తింది. గురవయ్య ఎవరికీ కనబడకుండా ఆమె కోక చెంగు పట్టుకుని, పెదవులు కదపకుండా అన్నాడు.

“కూర్చోవే. లేస్తే చేను పోయిద్ది.”

“కూర్చుంటే కల్లం పోయిద్ది.”

“చేలో ఉంది దీనికి రెండింతలు.”

ఆ లెక్క ఆమెకు తెలియంది కాదు. మోకాలు దించింది. బరకాలు పది అడుగుల దూరంలో మడతపెట్టి ఉన్నాయి. వాటిని చూడకూడదని మబ్బునే చూసింది. ముప్పై ఏళ్లలో ఆమె ఏ మబ్బునూ అంతసేపు కూర్చుని చూడలేదు. కూర్చుని చూసేందుకు మబ్బు సినిమా కాదు. మబ్బు కనిపిస్తే పరిగెత్తాలి, అది చిన్నప్పటి నుంచి కాళ్లకు తెలిసిన విద్య. ఇప్పుడా కాళ్లు మఠం వేసుకుని కూర్చున్నాయి. గుండె మాత్రం ఆమె బదులు పరిగెత్తుతోంది.

మొదటి చినుకు ఎర్రటి కాయల మీద టప్పున పడింది. తర్వాత రెండు. తర్వాత లెక్కలేదు. పుల్లారావు సారు నెత్తిన గొడుగు పట్టి, కాయలు తడుస్తున్నాయి సార్ అని నెమ్మదిగా అన్నాడు.

“నిశ్శబ్దం. అనుభూతి చెదురుతుంది” అన్నారు వరదరాజులు గారు.

ఇరవయ్యో నిమిషానికి ఈల మోగింది. ముప్పై మందీ ఒక్క ఉదుటున లేచి బరకాల మీద పడ్డారు. అప్పటికి కల్లం కిందుగా ఎర్రటి నీళ్లు కాలవలోకి దారి చేసుకున్నాయి.

ఫలితాలు అక్కడికక్కడే వచ్చాయి. గుండె స్పందన ఎంత ఎక్కువైతే అనుబంధం అంత గాఢమని శాఖ వారి పట్టిక. క్వార్టర్లలో సూర్యాస్తమయం చూసేవాళ్లకు కూడా డెబ్బై ఎనభై దాటని స్పందన ఇక్కడ నూట నలభై, నూట యాభై దాకా పోయింది. ఒక్కరూ చాప వదల్లేదు. ఒక్కరూ తప్పలేదు. ఊరి సగటు తొంభై ఏడు. నాగేంద్రానికి నూటికి నూరు. మబ్బును చూస్తూ ఆమె కళ్లవెంట నీళ్లు కారినట్టు పరిశీలకులు గమనించినందున, ఆనందబాష్పాల కింద అయిదు మార్కులు కలిపారు. నూరు దాటరాదన్న నిబంధన వల్ల మళ్లీ తీసేశారు.

పత్రాలు ఇచ్చారు. వంతెన మీది తాడు విప్పారు. నాగేంద్రం మెళ్లో కార్డు వేసుకుని, ఫోటోతో సహా, సొంత చేలోకి వెళ్లి మూడో కోత కోసింది. కల్లంలో తడిసిన కాయ మాత్రం నాలుగు రోజులకు తెల్లబడింది. ముట్టుకుంటే మెత్తగా, వాసన కొడుతూ. దాన్ని తాలు అంటారు. తాలుకాయ ఏరడానికి కూర్చున్న ఆమెకు ఏరి పారెయ్యాల్సింది ఏదో, ఉంచాల్సింది ఏదో తెలియలేదు. అంతా ఒక రంగే.

నెల తిరక్కుండా జిల్లా కేంద్రంలో సన్మానం పెట్టారు. చింతగుంటపాలెం మూడు మార్కుల నుంచి తొంభై ఏడుకు చేరిన మొదటి గ్రామమట. ఊరినంతా బస్సెక్కించి తీసుకొచ్చారు. బస్సు సంగతి కూడా నిజమైనందుకు సామ్రాజ్యం దారంతా గర్వంగా కూర్చుంది.

వేదిక మీద వరదరాజులు గారు గోడంత పటం చూపించి, ఏ గ్రామంలో ఎప్పుడు పరీక్ష పెడితే ఎంత స్పందన వచ్చిందో వివరించారు. పంట ఇళ్లకు చేరాక పెట్టిన ఊళ్లలో ఫలితాలు నిరాశాజనకంగా ఉన్నాయట. కావున వచ్చే ఏడాది నుంచి జిల్లాలో మేఘదర్శనాన్ని పంట కల్లాల మీదున్న కాలంలోనే, వాతావరణ శాఖ వర్ష సూచన ఇచ్చిన రోజునే నిర్వహించాలని పైవారికి ప్రతిపాదన పంపారట. సభ చప్పట్లు కొట్టింది. పుల్లారావు కొట్టలేదు, ఆయన చేతిలో శాలువాల పళ్లెం ఉంది.

నాగేంద్రాన్ని వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పారు. ప్లాస్టిక్ కుండీలో మొక్క ఇచ్చారు. వరదరాజులు గారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, నూటికి నూరు సాధించిన మహిళ జిల్లాలో ఆమె ఒక్కరేననీ, ఆ క్షణంలో ఆమె అంతరంగం ప్రకృతితో ఎలా లయమైందో ఆమె మాటల్లోనే వినాలని అందరూ ఎదురుచూస్తున్నారనీ అన్నారు.

“చెప్పండమ్మా. ఆ మబ్బును చూస్తుంటే మీ గుండె అంతగా ఎందుకు స్పందించింది?”

నాగేంద్రం కుండీని కింద పెట్టి మైకు పట్టుకుంది.

“మీ ఇల్లు అంటుకున్నప్పుడు మిమ్మల్ని లేవనీకుండా ఎదురుగా కూర్చోబెట్టి, ఆ మిషను వేలికి పెట్టించుకోండి సారూ. మీకూ నూటికి నూరే వచ్చిద్ది.”